రెండు పక్కలా ఆరేసి అడుగులు

ఈమధ్య కొత్తగా వార్డు ప్లానింగ్ సెక్రటరీగా చేరిన ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. మజ్జిగ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, "మేడమ్, ఈ ఉద్యోగంలో ముందుగా ఏం నేర్చుకోవాల?" అని అడిగింది. "తిట్లు తినడం" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు. కాసేపటికి నేను సరదాకి అనలేదని ఆమెకూ తెలిసింది.

ఆమె వెళ్ళిపోయాక మరీ మొరటుగా చెప్పానేమో అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. నేను మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగంలో చేరి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, వాటి చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగి రిటైరయ్యాను. ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ సంతకం కోసం అనంతపురం ఎన్నిసార్లు తిరిగానో రాయను. అవి రాస్తే చదివేవాళ్ళకంటే ముందు నాకే నిద్ర వస్తుంది. మనుషుల పేర్లు మార్చాను. ముఖ్యంగా చెప్పబోయే సంగతి ఏ ఊళ్ళో జరిగిందో కూడా చెప్పను. మగ్గాలున్న ఊరు, అంతే. ఊహించుకునేవాళ్ళు ఊహించుకోండి, నేను అవుననను, కాదనను.

మన పని గీతలు గీయడం అని బయట అనుకుంటారు. ఎవరి వాకిలి ఎంత పోవాలో, ఎవరి ఇంటి ముందు ఏం రావాలో, ఎవరి మాట కౌన్సిల్ హాలుదాకా చేరాలో చూడడమే అసలు పని. అందులో న్యాయం ఉందా లేదా అన్నది ఏ చదువులోనూ చెప్పరు. నాకు మాత్రం ఇద్దరు ముగ్గురు పై అధికారులు, ఒక వీధి జనం చెప్పారు.

కాళ్ళతో చూడడం

నా మొదటి అధికారి ముక్కోపి. ఎండలో తిరిగి తిరిగి ఆయన మెడ నల్లబడి ఉండేది, తలకాయకు మాత్రం ఎప్పుడూ టోపీ. ఒకసారి పెనుకొండ అవతల ఒక లేఅవుట్ ప్లాను నా దగ్గరికి వచ్చింది. రోడ్లు సరిగ్గా ఉన్నాయి, పార్కుకు వదలాల్సిన జాగా కొలత ప్రకారం వదిలారు. సంతకం పెట్టమని ఆయన బల్ల మీద పెట్టాను.

"పార్కు చూసినావా?" అన్నారు.

"ప్లానులో ఉంది సార్."

"ప్లానులో నేనూ చూస్తాండా. నువ్వు చూసినావా అంటి."

మరుసటి రోజు ఇద్దరం బయల్దేరాం. లేఅవుట్లో మంచి చదును నేలంతా ప్లాట్లుగా రాళ్ళు పాతి ఉంది. పార్కు జాగా ఎక్కడా అని వెతుక్కుంటూ పోతే వంక తేలింది. వానొస్తే నీళ్ళు పారే వంకలో, కంపచెట్ల మధ్య, బండగుండ్ల మీద పార్కు గీశారు. ఆయన ఒక గుండు మీద కూర్చుని, చెమట తుడుచుకుని, "ఈ ప్లాట్లు కొన్నోళ్ళ పిల్లోళ్ళు ఈడ ఆడుకుంటే, ఆ తల్లులు ఎవర్ని తిట్టాల? యాపారం చేసినోడు జిల్లా దాటిపోయుంటాడు. నిన్నే తిడతారు" అన్నారు.

ఆ ప్లాను వెనక్కు పోయింది. ఆ వ్యాపారి ఆయన మీద పైకి ఫిర్యాదు రాశాడు, ఆయన పట్టించుకోలేదు. మనిషి మాటకారి కాదు, మర్యాదస్తుడూ కాదు. నా దస్త్రం ఒకసారి కిటికీలోంచి విసిరేశారు కూడా. అయినా ఇప్పటికీ ఆయన్ను తలుచుకుంటే నాకు గౌరవమే కలుగుతుంది.

వాకిలి ఏ పక్కకు

హిందూపురం నుంచి కర్ణాటక సరిహద్దు వైపు పోయే దారిలో ఒక సంత ఊరు. చింతపండు, మిరపకాయలు అమ్మే ఆడవాళ్ళు తెల్లారేసరికి వచ్చి పొద్దుగూకేదాకా అక్కడే కూర్చుంటారు. వాళ్ళకు మరుగుదొడ్లు కావాలని చాన్నాళ్ళు అడిగితే, చివరికి కట్టారు. ఆడవాళ్ళకు సగం, మగవాళ్ళకు సగం. గదులు కూడా సమానం. ఎవరూ వంక పెట్టలేని ప్లాను.

నేను ఆ ఊరికి బదిలీ మీద వచ్చేసరికి మగవాళ్ళ వైపు జనం, ఆడవాళ్ళ వైపు తాళం. తాళం ఎందుకంటే వాడేవాళ్ళు లేరన్నారు. మా వాళ్ళలో ఒకాయన "ఈ ఆడోళ్ళకు అలవాటు లేదు మేడమ్, ఎంత చెప్పినా మారరు" అని జ్ఞానం కూడా చెప్పాడు. నేను పోయి చింతపండు అమ్మే ఒకామె పక్కన కూర్చున్నాను. ముందు చింతపండు కొనమంది, కొన్నాను. తర్వాత అడిగాను.

"ఆ వాకిలి యాడ పెట్టినారో చూడమ్మా" అంది, చెయ్యి ఎత్తకుండానే, గడ్డంతో చూపించి. ఆడవాళ్ళ వైపు తలుపు సరిగ్గా సారాయంగడికి ఎదురుగా ఉంది. "ఇన్ని దుడ్లు పెట్టి కట్టినారు, వాకిలి మాత్రం తాగినోళ్ళ మొగాన పెట్టినారు. నువ్వైతే పోతావా?"

నేనైతే పోను. తలుపు వెనక్కు తిప్పి, ముందర ఒక అడ్డుగోడ కట్టిస్తే సరిపోయింది. పెద్ద ఖర్చేమీ కాలేదు. ప్లాను గీసినవాడు, చూసినవాడు, కట్టినవాడు, మెచ్చుకున్నవాడు అందరూ మగవాళ్ళే. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. తిలాపాపం తలా పిడికెడు. అప్పటినుంచి ఏ ప్లాను చూసినా, ఇది వాడే మనిషి ఏ పక్కనుంచి నడిచి వస్తుంది అని ముందు చూసుకోవడం అలవాటైంది. సమానంగా ఇచ్చామా అన్నది తర్వాతి మాట.

అభ్యంతరాలు లేవు

ఇక మగ్గాల వీధి సంగతి. కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా ఉద్యోగం మొత్తంలో నాకు నిజంగా పాఠం చెప్పింది ఆ వీధే.

వీధి ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. తూర్పు వైపు కాంపౌండు గోడలున్న ఇళ్ళు. గోడ లోపల క్రోటన్ మొక్కలు, తులసి కోట, స్కూటరు. పడమటి వైపు నేతగాళ్ళ ఇళ్ళు, గోడకు గోడ ఆనుకుని. ఆ ఇళ్ళకు లోతు లేదు. వాకిలి దాటగానే ముందు గదిలో గుంత మగ్గం. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టి కూర్చుని నేస్తారు. వీధి వాకిలి నుంచి వచ్చే వెలుతురే వాళ్ళకు దీపం.

ఆ వీధిని వెడల్పు చెయ్యాలని కౌన్సిల్ అనుకుంది. రెండు పక్కలా సమానంగా, ఆరేసి అడుగులు. ఎవరికీ ఎక్కువ తక్కువ లేదు. తూర్పు వాళ్ళకు ఆరడుగులంటే గోడ, క్రోటన్లు. పడమటి వాళ్ళకు ఆరడుగులంటే మగ్గం. ఎర్ర రంగుతో ఇంటింటికీ గీత పెట్టాక, పడమటి ఇళ్ళలో ఆ గీత ఎక్కడ పడిందో లోపలికి పోయి చూశాను. ప్రతి ఇంట్లోనూ మగ్గం మధ్యలోంచే పోతుంది.

అభ్యంతరాలు చెప్పుకోవడానికి రమ్మని నోటీసు ఇచ్చాం. ఆఫీసు బోర్డు మీద అంటించాం, ఇంటింటికీ పంచాం. ఒక పని రోజున, ఉదయం పదకొండింటికి, ఆఫీసు హాల్లో. తూర్పు వైపు నుంచి నలుగురైదుగురు వచ్చి, గోడకు పరిహారం ఎంత ఇస్తారని అడిగి పోయారు. పడమటి వైపు నుంచి నరపురుగు కూడా రాలేదు.

మా కమిషనర్ అప్పుడే కొత్తగా వచ్చిన కుర్రాయన, చురుకైనవాడు, మంచివాడే. "మౌనం అర్ధాంగీకారం మేడమ్. అభ్యంతరాలు లేవని రాసేయండి" అన్నారు.

"వాళ్ళది మౌనం కాదు సార్, పని. పదకొండింటికి మగ్గం దిగి ఎవరొస్తారు?"

పక్కనే ఉన్న ఇంజనీరు నవ్వి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకు మేడమ్?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంకో వారం గడువు అడిగాను. కమిషనర్ ఒప్పుకున్నారు. అంతటితో ఊరుకోకుండా నాకు తోచిన న్యాయం ఒకటి కాగితం మీద గీశాను. పడమటి వైపు ముట్టుకోవద్దు, పన్నెండడుగులూ తూర్పు వైపే తీసుకోండి, వాళ్ళకు జాగా ఉంది కదా అని. గీసి, నేను చాలా గొప్పదాన్ననుకున్నాను.

పొద్దున్నే మూసే వీధి

నోటీసులు మళ్ళీ పట్టుకుని నేనూ, కొలతల గొలుసు పట్టే మా చైన్‌మన్ ఓబులేసూ పగటిపూట ఆ వీధికి పోయాం. ఇంటింటా మగ్గం శబ్దం. ఎవరూ నెయ్యడం ఆపరు. లోపలి నుంచే "మీరేం చెప్తే అదే మేడమ్" అంటారు. అది ఒప్పుకోవడం కాదు, వదిలించుకోవడం. నాలుగిళ్ళు తిరిగేసరికి తెలిసిపోయింది.

ఆ వారంలోనే ఒక రోజు బత్తలపల్లిలో పనుండి తెల్లారగానే ఆటో ఎక్కాను. ఆటో ఆ వీధి మొదట్లోకి రాగానే డ్రైవరు బ్రేకు కొట్టి, విసుక్కుంటూ వెనక్కు తిప్పాడు. "ఈ టైములో ఈ వీధి మూసేస్తారు మేడమ్. చుట్టూ తిరిగిపోవాల."

దిగి చూశాను. వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా పడుగు సాగదీశారు. పడుగంటే చీర పొడవునా ఉండే పోగులు. మగ్గానికి ఎక్కించే ముందు వాటిని పొడుగ్గా సాగదీసి, తెగినవి అతికి, చిక్కులు తీసి చుట్టుకోవాలి. ఇంట్లో అంత చోటుండదు కాబట్టి వీధిలోనే చేస్తారు. ఎండ ముదరకముందు, గాలి లేవకముందు. ఒకరి పడుగుకు వీధంతా చెయ్యి వెయ్యాల్సిందే, రేపు వాళ్ళ పడుగుకు వీళ్ళు వేస్తారు. ఆడా మగా ముసలీ ముతకా అందరూ బయటే ఉన్నారు. వదిలిపెట్టి ఎవరూ ఎక్కడికీ పోలేరు.

నాకు నవ్వొచ్చింది. ఇంతకంటే మంచి మీటింగు హాలు ఎక్కడ దొరుకుతుంది?

బత్తలపల్లి పని ముగించుకుని వచ్చి ఓబులేసుకు చెప్పాను. మర్నాడు తెల్లారి ఇద్దరం అక్కడున్నాం. నేను ప్లాను విప్పి, గొంతు సవరించుకుని, "అందరికీ నమస్కారం" అన్నానో లేదో, పడుగు ఒక కొస దగ్గరున్న ఒకామె, "ఊరికే నిలబడి మాట్లాడతాండారు, ఈ కొస పట్టుకోండి మేడమ్. మా తోడికోడలికి జరం వచ్చి ఈ పొద్దు రాలే" అంది. పట్టుకున్నాను. ప్లాను ఓబులేసు చేతికి పోయింది. అభ్యంతరాల విచారణ అట్లా మొదలైంది.

ఆమె పేరు లక్ష్మీదేవమ్మ. నా ఈడుదే అయినా వీధంతా లక్ష్మీదేవక్క అనేవాళ్ళు, నేనూ అదే అన్నాను. ఆ రోజు పడుగు ఆమెదే. భర్త లేడు, ఆమే నేస్తుంది, ఆ ముందు గదిలోని మగ్గమే ఇల్లంతటినీ సాకుతుంది.

నేను నా కొత్త ఆలోచన చెప్పాను. "మీ మగ్గాలు పోకుండా చూస్తాం. ఎదురు వైపే తీసుకుంటాం." మెచ్చుకుంటారనుకున్నాను.

నారాయణప్ప అని, ఆ వీధికి పెద్దతలకాయ, పోగులు సరిచేస్తూనే అన్నాడు. "మాకు రోడ్డే వద్దు మేడమ్. ఎవురడిగినారు రోడ్డు? కార్లు తిరిగే దానికి మా ఇండ్లు కావల్నా?"

"నేనడిగినా" అంది లక్ష్మీదేవక్క.

అందరూ ఆమె వైపు చూశారు. చేతులు మాత్రం ఆగలేదు.

"నువ్వడగతావులే. నీ మగ్గం పోతే ఏం తింటావు?"

"ఏమన్నా తింటా. మామా, రోడ్డుంటే మా ఇంటాయన ఉండునా లేదా, ముందు అది చెప్పు."

నారాయణప్ప మళ్ళీ పోగుల మీదికి వంగాడు. ఆమె నా వైపు తిరిగి చెప్పింది. రెండేళ్ళ కింద మధ్యాహ్నం పూట మగ్గం మీదే ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్సు వచ్చింది కానీ వీధిలోకి తిరగలేకపోయింది. వీళ్ళే మంచం మీద వేసుకుని మోసుకుపోయారు. "ఇదో, వీళ్ళంతా మోసినోళ్ళే. ఆ మూల తిరిగే లోపల పాణం పోయె. బండి ఆ మూలకాడనే నిలబడుండె. డాక్టరమ్మ బండిలోంచి దిగి ఉరుక్కుంటా వస్తాండాది, నేను చూస్తానే ఉండా."

తెగిన పోగు ఒకటి అతికి, ఆమె మళ్ళీ అందుకుంది.

"ఎదురు పక్క పన్నెండడుగులు తీసుకుంటామంటివి. వాళ్ళు ఊరుకుంటారా? కోర్టుకు పోతారు, స్టే తెస్తారు. రోడ్డు వచ్చేలోపల ఇంకెంతమంది మంచాల మీద పోవాల? నా ఆరడుగులు తీసుకో. మగ్గం గుంత ఇంకోటి తవ్వుకుంటా. యాడ తవ్వాల్నో ఆ జాగా చూపీ. పడుగు పట్టే దోవ కూడా ఉండాల. ఈ రెండూ రాసుకో."

నేను ఆమెను రోడ్డు నుంచి కాపాడడానికి పోయాను. నన్నెవరు కాపాడమన్నారు? జాలిపడడం తేలిక. జాలిపడే మనిషి ఎదుటివాళ్ళకు ఏం కావాలో తనే అనేసుకుంటుంది, సారాయంగడి ఎదురుగా వాకిలి పెట్టినవాళ్ళు అనుకున్నట్టే. కొత్తగా చేరేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. పేదవాళ్ళ వైపు ఉండడం మంచిదే, కానీ ముందు వాళ్ళు ఏ వైపు ఉన్నారో అడగాలి. ఒక వీధిలో అందరూ ఒకే వైపు ఉండరు కూడా.

వెనక సందు

జాగా ఎక్కడ చూపాలి? దానికీ వీధి దగ్గరే జవాబుంది. పడమటి ఇళ్ళ వెనక పూర్వం ఒక సందు ఉండేది. పాత మరుగుదొడ్లను చేత్తో శుభ్రం చేసే రోజుల్లో, ఆ పని చేసే మనుషులు తలమీద గంపలతో నడిచేందుకు ఆనాటి మున్సిపాలిటీ వదిలిన సందు. వాళ్ళు ఎదురుపడకూడదని వెనక్కు పెట్టిన దారి. ఆ పాడు పని పోయింది, సందు మిగిలింది. మిగిలిందంటే మ్యాపులో మిగిలింది. బజారు వైపు అంగళ్ళవాళ్ళు తలా కొంచెం వెనక్కు జరిగి, గోడౌన్లు వేసుకున్నారు. అందరికీ తెలుసు, ఎవరూ అనరు.

అంగడివాళ్ళను పిలిపించాం. వాళ్ళలో ఒక బట్టల వ్యాపారి, పెద్దాయన, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "నేను ఆక్రమించలేదమ్మా. మా నాయన కొన్నప్పుడే గోడౌన్‌తో కొన్నాడు. మాదనే అనుకున్యాం." ఆయన చెప్పింది నిజమే. అతన్ని దొంగలా చూస్తే నాకు చప్పట్లు కొట్టేవాళ్ళు ఉండేవాళ్ళు. కానీ అది న్యాయం కాదు. పండగ సీజను పోయాక, సరుకు తగ్గాక ఖాళీ చెయ్యడానికి గడువిచ్చాం. ఇంకొకాయన మాత్రం అరిచాడు. "రోడ్డు వాళ్ళకు, జాగా పోయేది మాకా?" ఆయనకు కమిషనరే జవాబు చెప్పారు. "జాగా మీది కాదండీ. అయినా కూర్చోండి, టీ తాగండి."

ఆ కుర్ర కమిషనర్‌ను అప్పుడు నేను నిజంగా మెచ్చుకున్నాను. తర్వాత కౌన్సిల్లో గొడవ జరిగింది, రెండు సమావేశాలు వాయిదా పడ్డాయి, పై ఆఫీసు నుంచి ప్రశ్నలొచ్చాయి. చివరికి తీర్మానమైంది. ముందు నుంచి ఆరడుగులు రెండు వైపులా తీసుకోవాలి, పడమటి ఇళ్ళకు వెనక సందు కలపాలి. పొద్దున్నే పడుగు పట్టే సమయంలో వీధిలోకి బండ్లు రాకూడదు.

"అంబులెన్స్ వస్తే?" అని ఒక కౌన్సిలర్ అడిగాడు.

వెనక బెంచీ మీద కూర్చున్న నారాయణప్ప లేచి, "వస్తే మేం చూసుకుంటాం సామీ" అన్నాడు. ఎట్లా చూసుకుంటారో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

చీర దిగేదాకా

ఇళ్ళ ముందు భాగాలు కొట్టాల్సిన రోజు దగ్గరకొచ్చింది. అందరికీ ఒకే తేదీ ఇవ్వాలని మా వాళ్ళ పట్టు. మళ్ళీ ఆ సమానం! ఒకింట్లో చీర దిగడానికి జానెడు మిగిలి ఉంది, పక్కింట్లో అప్పుడే కొత్త పడుగు ఎక్కింది. నేసే చీరను మధ్యలో కోస్తే అది గుడ్డపేలిక. అందుకని ఇంటి నంబర్ల వరస మానేసి, ఏ మగ్గం మీద చీర దిగితే ఆ ఇంటికి జేసీబీ పంపాలని అడిగాను.

"జేసీబీ అంటే మీ ఇంటి పనిమనిషి అనుకున్నారా మేడమ్, పిలిచినప్పుడల్లా రావడానికి?" అన్నాడు ఇంజనీరు.

"మా పనిమనిషి నేను పిలిస్తే అసలు రాదు. మీ జేసీబీ నయం" అన్నాను. ఆయనకు నవ్వాగలేదు. తిట్టుకుంటూనే ఒప్పుకున్నాడు. ఒక్కో ఇంటికి ఒక్కో రోజున వచ్చి, కొట్టించి పోయాడు. ఆయన సాయం లేకపోతే నా రిపోర్టు ఎంత బాగున్నా లాభం లేకపోయేది. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు, చెబితే నెత్తికెక్కుతాడని.

లక్ష్మీదేవక్క ఇంటి వంతు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. పొద్దున చీర దించింది. గుంతలో పసుపు కుంకుమ వేసింది, దణ్ణం పెట్టుకుంది, ఏడ్చింది. ఆ గుంతలో ఆమె భర్త కూర్చుని నేశాడు, ఆయన నాయన నేశాడు. తర్వాత బయటికి వచ్చి డ్రైవరుతో, "కొట్టప్పా, ఊరికే చూస్తాండావేమి" అంది. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

అంతా బాగా జరిగిందని రాస్తే అబద్ధమవుతుంది. వెనక సందులో తవ్విన గుంతలకు వెలుతురు లేదు. ముందు వాకిలి నుంచి వచ్చే ఎండ వెనక గదికి రాదు కదా. పట్టపగలు లైటు వేసుకుని నేస్తున్నారు. కొలతలన్నీ చూసుకున్నాం, ఎండ ఏ పక్కనుంచి వస్తుందో ఎవరమూ చూసుకోలేదు. తర్వాత పైకప్పుల్లో అద్దం పెంకులు పెట్టించాం, కొంత నయమైంది. నారాయణప్పకు చూపు అసలే తక్కువ, ఆయన నేత మానేశాడు. ఆయన నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేది.

తర్వాత ఒక పొద్దున

రిటైరయ్యాక మా చెల్లెలి కోడలికి చీర తీసుకుందామని ఆ వీధికి పోయాను. లక్ష్మీదేవక్క ఫోనులో, "పొద్దున్నే రా మేడమ్, ఆ రోజు పడుగు ఉండాది, ఆ తర్వాత నాకు తీరిక ఉండదు" అని చెప్పింది. పోయేసరికి వీధి మొదట్లో తాడు కట్టి ఉంది. తారు రోడ్డు మీద పడుగు సాగి ఉంది, ఉదయపు ఎండకు మెరుస్తోంది. నన్ను చూడగానే ఆమె ఏమీ అడగకుండా ఒక కొస చేతికిచ్చింది. నారాయణప్ప నెయ్యకపోయినా పడుగు దగ్గర అజమాయిషీ ఆయనదే. అరుగు మీద కూర్చుని అందర్నీ అదిలిస్తున్నాడు.

సైరన్ వినిపించింది.

వీధి చివరింట్లో నెలలు నిండిన పిల్ల ఉంది. పుట్టింటికి కాన్పుకు వచ్చిందట. ఆ ఇంటి నుంచి వాళ్ళమ్మ పరుగెత్తుకుంటూ వచ్చి, "మామా, బండి వస్తాండాది" అంది. ఎవరో పోయి మొదట్లో కట్టిన తాడు విప్పారు. అంబులెన్సు ఆ మూల దగ్గర ఆగింది. పాత మూలే. ఎదురుగా వీధి పొడవునా పట్టు పోగులు.

పడుగు కింద పడేస్తే నెలల తిండి పోతుంది. పడెయ్యకపోతే బండి రాదు. ఈ రెండూ ఒకే వీధిలో ఉండాలని తీర్మానం రాసింది నేనే.

నారాయణప్ప లేచి నిలబడి ఒకే ఒక్క కేక వేశాడు. "ఎత్తండప్పా! పడమటికి!"

వీధంతా ఒక్కసారిగా పడుగును ఛాతీ ఎత్తుకు లేపింది. ఎవరూ వదల్లేదు, ఎవరూ లాగలేదు. అందరూ ఒకే అడుగులో పక్కకు జరిగారు, నన్ను కూడా తమతో జరిపేశారు. ఇంకో అడుగు, ఇంకో అడుగు. పడుగు, జనం అంతా పడమటి గోడలకు ఆనుకున్నారు. రోడ్డు తూర్పు సగం ఖాళీ అయింది. అంబులెన్సు నెమ్మదిగా మా ముందు నుంచి పోయి, చివరింటి వాకిట్లో ఆగింది. పిల్లను ఎక్కించుకుంది. మళ్ళీ మా ముందు నుంచే వెనక్కు వచ్చింది. కిటికీలోంచి ఆ పిల్ల ముఖం ఒక్క క్షణం కనిపించింది. అంతసేపూ మేం గోడకు ఆనుకునే ఉన్నాం, చేతుల్లో పోగులతో.

లక్ష్మీదేవక్క నా పక్కనే, తన ఇంటి గోడకే ఆనుకుని ఉంది. ఆమె కాళ్ళ కింద తారు. ఆ తారు కింద ఆమె మగ్గం గుంత ఉండేదని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ ఆరడుగులే ఇప్పుడు మా అందరికీ నిలబడే చోటైంది. ఆమె అది చూసుకోవడం లేదు. ఆమె కళ్ళు బండి మీదే ఉన్నాయి.

అంబులెన్సు మూల దగ్గరికి పోయింది. తిరిగింది. పోయింది.

ఆ మూల వైపు ఆమె చాలాసేపు అట్లాగే చూసింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. నాకూ లేవు. తర్వాత వీధంతటికీ వినబడేట్టు అంది. "ఏమప్పా, ఎంతసేపు నిలబడతారు? పోగులు సడలతాండాయి. పట్టండి."